ఎర్ర దారం కట్టిన పసుపు పొట్లం

వరదరాజులు అంగడి తలుపు పలకలు ఒక్కొక్కటే తీసి గోడకు ఆనించేసరికి, పుంగనూరు బస్టాండులో మదనపల్లె తొలి బస్సు హారను కొట్టేది. ఆయనకు అదే గడియారం. ఆ వెంటనే తక్కెడకు బొట్టు, సాంబ్రాణి పొగ, భార్య రాజేశ్వరమ్మ ఇత్తడి గ్లాసులో తెచ్చే బెల్లం కాఫీ. 1978లో ఆ వరస ఒక్కనాడూ తప్పలేదు. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ కాఫీ వాసన ఆయన ముక్కుకు తగులుతుంది.

మనిషినైనా సరుకునైనా తూచి చూడటం ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణం. ఏ సరుకు ఏ నెలలో లేస్తుందో, ఎందుకు లేస్తుందో ఆయనకు తెలుసు. కారణం దొరకని గిరాకీ కనిపిస్తే రాత్రి నిద్ర పట్టదు. ఆ ఏడాది అట్లా నిద్ర చెడగొట్టింది పసుపు.

“ఆషాడం నడస్తాండాది. పండగ లేదు, పెండ్లి లేదు. ఈ పసుపేందే ఇట్ల పోతాండాది?” అన్నాడు ఒక పొద్దున కాఫీ ఊదుకుంటూ.

“మంచి పసుపు తెప్పించినారు, పోతాండాది,” అంది రాజేశ్వరమ్మ.

“అదే నేనూ అనుకుంటా ఉండా. కొమ్ము చూసి, విరిచి, వాసన చూసి తెచ్చేది ఈ ఊర్లో నేనొక్కణ్ణే. ఇంకో మూట చెప్పి పంపిస్తా.”

రాజేశ్వరమ్మ గ్లాసు అందుకుని గబగబా లోపలికి పోయింది. నవ్వు దాచుకోవడానికి పోయిందని ఆయనకు అప్పుడు తెలియదు.

ఆయనకు తర్వాత తెలిసింది మనం ముందే చెప్పుకుందాం. మధ్యాహ్నం భోంచేసి ఆయన మూడింటిదాకా కునుకు తీసేవాడు. అంతసేపూ అంగట్లో రాజేశ్వరమ్మ కూర్చునేది. ఎండకు మగవాళ్ళెవరూ వీధిలోకి వచ్చేవాళ్ళు కారు. నూనె గిన్నె, చింతపండు బుట్ట పట్టుకుని ఆడవాళ్ళే వచ్చేవాళ్ళు. ఆ మూడు గంటలూ ఆ వీధి ఆడవాళ్ళ సంత.

రెండేళ్ళ ముందు ఒక మధ్యాహ్నం ఎల్లమ్మ వచ్చింది. ఆమె మొగుడు బొంబాయికి బెల్లం లోడు తోలే లారీ డ్రైవరు. ఉప్పు కొని, చిల్లర తీసుకుని, మెట్టు దిగకుండా అట్లాగే నిలబడింది.

“ఏం మా, ఇంకేమైనా కావాల్నా?”

ఎల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. “ఆయప్ప దావలో యాడో అంటించుకోనొచ్చినాడక్కా. సుఖవ్యాధంట. నాకూ వచ్చింది. మదనపల్లె డాక్టరమ్మ ఇద్దరికీ సూదులేసింది. నయమయ్యేదాకా దూరంగా ఉండమనింది. నయమైనంక కూడా, లారీ ఎక్కే మనిషి కాబట్టి నిరోధ్ వాడాల్సిందే అనింది. ఆయప్పేమో అంగట్లో అడిగేదానికి సిగ్గంటాడు. నేనడిగితే ఊరు ఊరుకుంటుందా?”

రాజేశ్వరమ్మకు చింతపండు బుట్టల వెనక పడి ఉన్న నిరోధ్ డబ్బా గుర్తొచ్చింది. టీ పొడి అమ్మే కంపెనీ మనిషి దాన్నీ ఇచ్చి పోయాడు. మీద ఎర్ర త్రికోణం బొమ్మ. అవి బిడ్డలు పుట్టకుండా చేసే ఆపరేషన్లకు మనుషుల్ని పట్టుకుపోతున్న రోజులు. ‘ఈ బొమ్మ కనపడితే ఒక్కడూ మన మెట్టెక్కడు’ అని వరదరాజులు దాన్ని కాలితో లోపలికి తోసేశాడు. రాజేశ్వరమ్మ ఆ డబ్బా దుమ్ము తుడిచింది. పసుపు పొట్లం కట్టి, మడతలో ఒక పాకెట్టు పెట్టి, పైన ఎర్ర దారం చుట్టింది. మామూలు పొట్లాలకు తెల్ల దారం. ఎర్రది మదనపల్లె నేతగాళ్ళ దగ్గర తెచ్చుకున్న నూలు.

“మీ అత్త చూసినా పసుపే అనుకుంటాది,” అంది.

ఎల్లమ్మ ఇంకొకామెకు చెప్పింది. ఆమె మరొకామెకు. కొందరికి రోగం భయం, కొందరికి నాలుగో కాన్పు భయం. కంపెనీ మనిషిని మధ్యాహ్నం పూటే రమ్మని చెప్పి, రాజేశ్వరమ్మ తాజా సరుకు తీసుకునేది. పొట్లాలు కట్టిపెట్టే సొరుగు ఆమెది, ఆయన ఎప్పుడూ తెరిచేవాడు కాడు; ఎర్ర దారం పొట్లాలకు అందులో వేరే అర ఉండేది. వచ్చిన ఆడమనిషి నోరు తెరిచి ఏమీ అడగనక్కర్లేదు. ఆ అర వైపు చూస్తే చాలు.

శ్రావణంలో కూతురు పద్మావతికి కుప్పం సంబంధం కుదిరింది. పిల్లవాడు సుబ్రహ్మణ్యం, ఇనుప సామాన్ల అంగడి. తండ్రి లేడు, తల్లి సరోజమ్మ పెంచింది. వరదరాజులు ముందే కుప్పం పోయి, ముక్కూ మొహం తెలియని బేరగాడిలా మేకులు కొని వచ్చాడు.

“తక్కెడ మీద వేలు పెట్టలేదే ఆ పిల్లోడు! మేకులు రెండు ఎక్కువే తూగినాయి. ఇంకేం జాతకం కావాల?” అన్నాడు ఇంటికొచ్చి. పద్మావతి ఆ పిల్లవాడి ఫోటోను చీరల మడతల్లో పెట్టుకుని, ఎవరూ లేనప్పుడు తీసి చూసుకునేది. ఆ సంగతీ తల్లికి తెలుసు.

నిశ్చితార్థం నాడు రాజేశ్వరమ్మ వంటింట్లో ఊపిరాడని పనిలో ఉంది. తాంబూలం తట్టల్లోకి ఐదు పసుపు పొట్లాలు కావాలన్నారు. వరదరాజులు తానే సొరుగు లాగాడు. ఒక అరలో తెల్ల దారాలు, ఇంకో అరలో ఎర్ర దారాలు. శుభకార్యానికి తెల్ల దారమేమిటని ఎర్రవి ఐదు ఏరి, తట్టకొకటి పెట్టాడు. పెళ్ళాం ముందుచూపుకు లోపల మెచ్చుకున్నాడు కూడా.

కుప్పం నుంచి పదిహేను మంది దిగారు. ముందు కూర్చున్నది పెద్దమనిషి గోవిందప్ప, పిల్లవాడి పెదనాన్న. సరోజమ్మ మాత్రం పసుపు కుంకుమలకు దూరంగా, నడవ గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని కూర్చుంది. మొగుడు పోయినప్పటి నుంచీ ఆమె చోటు అదే.

పసుపుతో వినాయకుణ్ణి చేయడానికి పిల్లవాడి మేనత్త నారాయణమ్మ ఒక పొట్లం దారం లాగింది. మడత విడిపోయి, పసుపుతో పాటు పాకెట్టు వచ్చి తట్టలో కొబ్బరికాయ పక్కన పడింది.

“ఇదేందన్నా, సోంపు పాకెట్టా?” అని ఆమె దాన్ని అన్నకు ఇచ్చింది.

గోవిందప్ప ఎర్ర త్రికోణం చూశాడు. మొహం కందిపోయింది. తక్కిన నాలుగు పొట్లాలూ విప్పాడు. నాలుగు పాకెట్లు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

“ఒకటైతే పొరపాటు అనుకుందును. ఐదుకైదా? ఏమప్పా వరదరాజులూ, మా తాంబూలానికి నువ్వు చేసే మర్యాద ఇదేనా?”

వరదరాజులు ముప్పై ఏళ్ళుగా ఊరి ముందు తలెత్తుకుని కూర్చున్న మనిషి. “ఎవురు చేసినారు ఈ పని?” అని అరిచాడు.

రాజేశ్వరమ్మ తడి చేతులతోనే వచ్చింది. తట్ట చూసింది. “నేనే,” అంది.

“నువ్వా?”

“రెండేండ్లుగా ఇస్తాండా. ఆడోళ్ళకు. మీరు నిద్రపోయేటప్పుడు.”

“నా అంగట్లో, నా ఎనకాల, రంకు సరుకు అమ్ముతాండావా? సిగ్గు లేదా నీకు?”

ఆ మాట ఇంటి నిండా మోగింది. రాజేశ్వరమ్మ తల దించలేదు. “రంకు కాదు. అడిగినోళ్ళందరూ వాళ్ళ మొగుళ్ళ కోసరమే అడిగినారు. రోగం ఇంట్లోకి రాకుండా అడ్డం పెట్టుకునేదానికి అడిగినారు. నలభై మంది ఉండారు. పేర్లు మాత్రం మీరు కొట్టినా చెప్పను.”

“నాయనా,” అంది పద్మావతి పీట మీద నుంచి. “అమ్మనేమీ అనొద్దు. ఆ పొట్లాలు కొన్ని నేనూ కట్టినా. ఈ దినం ఎర్ర దారాలు ఏరి పెట్టింది నువ్వే.”

“విన్నారా? పిల్లకు కూడా తెలుసంట!” గోవిందప్ప కండువా దులిపి లేచాడు. “లేయండప్పా అందరూ. ఈ సంబంధం మాకొద్దు. బస్సుకు టయిమయింది.”

కుప్పం వాళ్ళు ఒక్కొక్కరే లేచారు. పద్మావతి కళ్ళు నేలకు అతుక్కుపోయాయి. సుబ్రహ్మణ్యం లేవలేదు, ఏం చెయ్యాలో తెలియక తల్లి వైపు చూశాడు.

“బావా, కూచో,” అంది సరోజమ్మ గుమ్మం దగ్గర నుంచి.

“కూచునే మాటేనా ఇది?”

“నీ తమ్ముడు దేనితో పోయినాడో నీకు తెలుసు కదా?”

గోవిందప్ప గతుక్కుమన్నాడు. “ఆ మాట ఈడ యాల సరోజమ్మా?”

“ఈడనే చెప్పాల. ఇరవై ఏండ్లకు పైనే గొంతులో పెట్టుకున్నా.” ఆమె గోడ పట్టుకుని లేచి నిలబడింది. “ఇనుము లోడుకని మద్రాసు పోయొచ్చేవాడు. ఒకసారి రోగం కూడా తెచ్చినాడు. నాకేం తెలుసు? ఇద్దరు బిడ్డలు కడుపులోనే పోయినారు. నా జాతకం మంచిది కాదన్నారు మీరందరూ. మూడోసారి డాక్టరమ్మ రక్తం చూసి సంగతి చెప్పింది. నేను సూదులేయించుకున్నా. ఆ సూదులు పడినంకనే ఈ పిల్లోడు నిక్షేపంగా పుట్టినాడు. ఆయన మాత్రం పరువు పోతాదని ఆస్పత్రి గడప తొక్కలేదు. చివరికి కండ్లు పోయినాయి, మతి పోయింది. మీరు గాలి సోకిందని తాయెత్తులు కట్టినారు.”

సుబ్రహ్మణ్యం మొహం తెల్లబోయింది.

“ఆ డాక్టరమ్మ చెప్పింది, ‘ఆయన సూదులేయించుకునేదాకా దూరంగా ఉండు, తప్పకపోతే రబ్బరు తొడుగు వాడమను, పట్నం అంగళ్ళల్లో దొరకతాది’ అని. నేను యాడికి పోయి ఎవురిని అడిగేది? కుప్పంలో ఒక అంగడి ముందర మూడు సార్లు నిలబడినా. మూడు సార్లూ ఉప్పు కొనుక్కోని వచ్చేసినా. ఆ మెట్టు మీద ఇట్లాంటి ఆడమనిషి ఒకతి కూచునుంటే, ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకుని పన్నెండేండ్లు బతికే పని నాకు తప్పి ఉండును.”

ఆమె నడిచి వచ్చి తట్ట ముందు వంగింది. నారాయణమ్మ అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టింది. “వదినా, పసుపు...”

“తెలుసులే మా. నేను ముట్టకూడదని తెలుసు.” సరోజమ్మ పొట్లం చేతిలోకి తీసుకుంది. పాకెట్టును మళ్ళీ మడతలో పెట్టి, ఎర్ర దారం చుట్టి, పద్మావతి ఒడిలో ఉంచింది. వేళ్ళకు పసుపు అంటుకుంది. తుడుచుకోలేదు. “ఈ ఇంటి పిల్లే నాకు కావాల. ఇంకెవురి మాటా నాకొద్దు బావా.”

సుబ్రహ్మణ్యం లేచి వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు. గోవిందప్ప కండువాతో కళ్ళు ఒత్తుకుని కూర్చున్నాడు. “ముహూర్తం దాటిపోతాది. కానీండప్పా,” అన్నాడు ఎవరి మొహమూ చూడకుండా.

వరదరాజులు మాత్రం కూర్చోలేకపోయాడు. మూడు సార్లూ ఉప్పు కొనుక్కుని వచ్చేశానన్న మాట ఆయన్ని వదల్లేదు. తన మెట్టు మీదా అట్లా నిలబడి పోయినవాళ్ళు ఉండే ఉంటారు. పనేమీ లేకపోయినా మళ్ళీ వచ్చి ఉప్పు కొనే మొహాలు ఆయనకు గుర్తొచ్చాయి. ఉప్పుకు గిరాకీ ఎక్కువని సంతోషపడ్డాడు తప్ప, ఇంత ఉప్పు ఎందుకని అడగలేదు. ఊర్లో అందరి అవసరమూ తూచగలనని అనుకున్నవాడు, తన ఇంట్లో మనిషిని తూచడం తెలియక, పదిమందిలో రంకు అనే మాట అన్నాడు. తక్కెడలో ఏ పడికట్టు రాయి వేసినా ఆ మాట బరువుకు తూగదు.

వంటింట్లోకి పోయాడు. రాజేశ్వరమ్మ పొయ్యి ముందు వెనక్కి తిరిగి ఉంది. భుజాలు కదులుతున్నాయి.

“ఏమే... నేను అనిన మాట...” పైకండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. “ఆ డబ్బాను కాలితో తోసింది నేను. నువ్వు చేత్తో తీసినావు.”

ఆమె పొయ్యిలోంచి ఒక కట్టె వెనక్కి లాగింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, “పప్పు అడుగంటుతాండాది, పక్కకు జరగండి,” అంది. జరిగాడు. కానీ బయటికి పోలేదు. ఆమె గరిటె అడిగితే అందించాడు.

మరునాడు ఆ డబ్బా బుట్టల వెనక నుంచి తక్కెడ పక్క అరలోకి వచ్చింది. కొన్నాళ్ళు ఊరు నవ్వింది. నలుగురు మెట్టెక్కడం మానేశారు. వాళ్ళలో ముగ్గురు తిరిగొచ్చారు.

పదేళ్ళు గడిచాయి. 1988లో బస్టాండు గోడకు ఆరోగ్య శాఖ వాళ్ళు కొత్త కాగితం అతికించారు. ఎయిడ్స్ అట, మందే లేదట, రాకుండా చూసుకోవడమే దారి అట. ఊరంతా దాని గురించే గుసగుసలు. రాజేశ్వరమ్మకు అప్పటికే మోకాళ్ళు పట్టేశాయి. మధ్యాహ్నం అంగట్లో ఇప్పుడు వరదరాజులే కూర్చుంటాడు. కునుకు మానేశాడు. ఆమె పక్కన కుర్చీలో ఉంటుంది. కుప్పం నుంచి పద్మావతి ఉత్తరం వస్తే ఇద్దరూ అక్కడే చదువుకుంటారు.

ఆ మధ్యాహ్నం ఎల్లమ్మ వచ్చింది. వెంట కొత్తగా కాపురానికి పోతున్న కూతురు. అల్లుడూ లారీ మనిషే.

“అన్నా, ఎర్ర దారానివి రెండు,” అంది ఎల్లమ్మ, ఉప్పు అడిగినంత తేలిగ్గా. పిల్ల సిగ్గుతో తల తిప్పుకుంది.

వరదరాజులు పసుపు తూచి, మడతలో పాకెట్టు పెట్టి, దారం చుట్టి ముడి వేశాడు.

“అంత గట్టిగా వేస్తారా ఎవురైనా?” అంది రాజేశ్వరమ్మ కుర్చీలో నుంచి. “పాపం, పిల్ల చీకట్లో విప్పుకోవద్దా? ఒక్క లాగుకు రావాల.”

పిల్ల ఫక్కున నవ్వింది. వరదరాజులు ముడి విప్పి పొట్లం భార్య ఒడిలో పెట్టి, “ఎట్లనో చూపించు,” అన్నాడు. ఆమె ముసలి వేళ్ళు నెమ్మదిగా దారం తిప్పుతుంటే, కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు. రెండో పొట్లం తానే కట్టాడు.