ఒక్క ఆట తక్కువ

"వంచండి."

"వంచానండి."

"ఎక్కడ?"

"లోపల్లోపల వంచుతున్నానండి. పైకి కనబడ్డం లేదంతే."

ఫిజియోథెరపిస్టు శ్రీసత్య నవ్వలేదు. జయంత్ కుడిచేతి బొటనవేలు పట్టుకుని తనే వంచింది. పోర్టులో ముప్ఫై టన్నుల కంటెయినర్లను అవలీలగా ఎత్తి ఓడలో పెట్టే క్రేన్ ఆపరేటరు "అమ్మా!" అని కేక పెట్టాడు. బయట బెంచీ మీదున్న ముసలావిడ కంగారుగా లోపలికి తొంగి చూసింది.

"ఇంట్లో రబ్బరు బంతి నొక్కుతున్నారా?"

"నొక్కుతున్నానండి."

"అబద్ధం."

అబద్ధమే. వానలో బండి జారి వేలు విరిగి రెండు నెలలైంది. కట్టు విప్పారు గాని వేలు మొద్దుబారిపోయింది. ఇంకో ఇరవై రెండు రోజుల్లో ఫిట్‌నెస్ టెస్టు. క్రేను లివరు మీదున్న బటన్లు ఆ వేలితో చకచకా నొక్కలేకపోతే జయంత్ ఇక కేబిన్ ఎక్కలేడు. కింద నిలబడి కంటెయినర్ల నంబర్లు రాసుకోవాల్సిందే. ఆ సంగతి తలచుకుంటే అతనికి నిద్ర పట్టదు. బంతి పట్టుకుంటే మాత్రం ఐదు నిమిషాల్లో పట్టేస్తుంది.

శ్రీసత్య ఒక్క క్షణం ఆలోచించి, హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న వీడియో గేమ్ తీసింది. రెండు చేతుల్లో ఇమిడేంత ఉంది. కుడివైపు బటన్లు బాగా అరిగి ఉన్నాయి.

"రోజుకి మూడొందల ఆటలు. ఈ వేలితోనే. ఎన్ని ఆడారో అదే చూపిస్తాది, నాకు కథలు చెప్పక్కర్లేదు."

జయంత్ ఆన్ చేశాడు. తెర మీద ఆకుపచ్చ బల్ల, పేకముక్కలు, రంగురంగుల కాయిన్లు.

"పేకాటేంటండి బాబూ! మా అమ్మ చూసిందంటే ఉక్కునగరంలో అన్ని సెక్టార్లకీ వినబడేలా తిడుతుంది."

"డబ్బులు లేవండి ఇందులో. ఉత్తుత్తి కాయిన్లు. ఇది మా నాన్నది."

వాళ్ల నాన్న సూరన్నది యారాడ. చేపల వేటే బతుకు. ఏటా వేసవిలో రెండు నెలలు వేట నిషేధం. ఆ ఖాళీలో ఇసుకలో కూర్చుని పేకాడేవాడు. ఒక ఏడాది కొత్త వల కోసం దాచిన డబ్బంతా ఊడ్చిపెట్టుకుపోయింది. ఇక పందెంపేక ముట్టనని గంగమ్మ తల్లి మీద ఒట్టేశాడు. ఒట్టయితే వేశాడు, చేతులు ఊరుకోవు కదా! శ్రీసత్య మొదటి జీతంతో సెకండ్ హ్యాండులో ఈ గేమ్ కొనిచ్చింది. మూడు వేసవులు గడిచాయి. రూపాయి పోలేదు. పైగా సూరన్న పేరు మీద లక్షా నలభై వేల కాయిన్లు పోగుపడ్డాయి.

"ఊళ్లో అందరికీ చూపిస్తాడు. ఇప్పుడు వేటకెళ్లాడు, మూడు వారాలకి గాని రాడు. మీరు మీ పేరు మీద వేరేగా ఆడుకోండి. నాన్న కాయిన్ల జోలికి వెళ్లారో..."

"వెళ్తే?"

"మిగతా తొమ్మిది వేళ్లకీ ఫిజియో కావాలి మీకు."

అప్పుడు నవ్వింది. జయంత్‌కి వేలి నొప్పి కాసేపు గుర్తు రాలేదు.

ముక్కల మొత్తం ఇరవై ఒకటి దాటకుండా చూసుకోవడమే ఆట. రెండు రోజులు బుద్ధిగా ఆడాడు. మూడో రోజు మధ్యాహ్నం, రెండొందల నలభై ఆటలకే అతని కాయిన్లు అయిపోయాయి. సున్నా అయినవాడికి ఆట మర్నాడు పొద్దున్న గాని మళ్లీ ఐదొందలు ఇవ్వదు.

ఇంకా అరవై ఆటలు బాకీ. ఊరుకోవచ్చు. కాని రేపు శ్రీసత్య లెక్క చూసి ఎడమ కనుబొమ పైకెత్తుతుంది. ఆ కనుబొమకి జయంత్ అప్పటికే భయపడడం మొదలుపెట్టాడు. మగవాడు భయపడడం మొదలుపెట్టాడంటే వ్యవహారం ఎందాకా వచ్చిందో వేరే చెప్పాలా!

చిన్న చిన్న పందేలే కదా అనుకుని సూరన్న పేరు తెరిచాడు. నలభై ఆటలు బాగానే నడిచాయి. నలభై ఒకటోదానికి మొద్దువేలు పక్క బటన్ మీదికి జారింది. అది చేతిలో ఉన్నదంతా ఒకేసారి పందెం కాసే బటన్.

అవతలివాడికి సరిగ్గా ఇరవై ఒకటి పడింది. సూరన్న ఖాతాలో సున్నా.

జయంత్ పెట్టిన కేకకి వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది. "వేలు నొప్పండీ అమ్మా" అన్నాడు. తల్లిని అండీ అన్నాడని కూడా తెలియలేదు.

మర్నాటి నుంచి అదే పని. సూరన్న ఖాతాకి ఆట ఇచ్చిన ఐదొందలతో మొదలెట్టాడు. బస్సులో ఆడాడు, క్లినిక్ బెంచీ మీద ఆడాడు, అన్నం ముందు పెట్టుకుని ఆడాడు. నాలుగుసార్లు మళ్లీ సున్నాకి దిగి మళ్లీ లేచాడు. వేలు మాత్రం తన దారిన తాను బాగుపడుతూ వచ్చింది.

శ్రీసత్యకి వేలిని చూస్తే ముచ్చటేసింది, వేలి యజమానిని చూస్తే ఒళ్లు మండింది. జోకుల్లేవు. ఎదురుగా కూర్చుని కళ్లెత్తి చూడడు. తప్పు చేసినవాడి మౌనం ఆమెకి ఇంకోలా కనబడింది.

"ఇంట్లో సంబంధాలేవైనా చూస్తున్నారా?" అంది ఒకరోజు, పట్టనట్టు.

"అయ్యో, లేదండి!"

ఆ 'అయ్యో' ఆమెకి నచ్చింది.

ఆఖరి రోజు జోరున వాన. మర్నాడే టెస్టు, ఎల్లుండి సూరన్న రాక. జయంత్ కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు.

"మీకో మాట చెప్పాలండి. పద్దెనిమిది రోజులుగా గొంతులోనే ఉండిపోయింది."

శ్రీసత్య చున్నీ సర్దుకుంది. కిటికీలోంచి వానని చూస్తూ, "చెప్పండి" అంది మెల్లగా.

"మీ నాన్నగారి కాయిన్లన్నీ పోగొట్టేశానండి."

"ఏటీ!"

క్లినిక్‌లో ఎప్పుడూ వినబడని యారాడ గొంతు అది. జయంత్ జరిగిందంతా చెప్పాడు. ఆమె గేమ్ లాక్కుని చూసింది. లక్షా ముప్ఫై తొమ్మిది వేల ఐదొందలు.

"ఐదొందలేనా తక్కువ? ఒక్క ఆట! ఆడేసి పెట్టేయండి. నాన్నకి తెలీదు."

"ఆడనండి. ఆయనకే చెప్తాను."

"ఇంతేనా మీరు చెప్పాలనుకున్నది?" కళ్లు ఉరిమాయి.

"ఇంకోటుందండి. ఇది తేలాక చెప్తాను."

ఆదివారం జయంత్ మాడుగుల హల్వా పట్టుకుని కొండ దిగి యారాడ వెళ్లాడు. సూరన్న అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. కూర్చోమన్నా కూర్చోకుండా జయంత్ మొత్తం చెప్పాడు. చివరికి కుడి బొటనవేలు వంచి, తీసి చూపించాడు.

"టెస్టు పాసయ్యానండి. రేపు మళ్లీ కేబిన్ ఎక్కుతున్నాను. మీ ఆట, మీ అమ్మాయి చెయ్యి లేకపోతే ఈ వేలు లేదండి. మీ రుణం ఈ జన్మకి తీరదు."

సూరన్న గేమ్ అందుకున్నాడు. తెర మీద ఈ నెల ఆడిన ఆటల లెక్క చూశాడు. మొహం మాడిపోయింది.

"పోయింది రాబట్టాలని తొమ్మిదివేల ఆటలాడినావా?"

"అవునండి."

"నానూ అలాగే ఆడినాను. వల డబ్బులు ఒక్క ఆటలో పోనేదు బాబూ. పోయింది రాబట్టాలని ఆడిన ఆటల్లో పోయినాయి. ఆ జబ్బు నాకెరికే. ఆ జబ్బున్నోడంటే నాకు బయం."

అంటూ గుమ్మంలో నిలబడ్డ కూతురి వైపు చూశాడు. శ్రీసత్య చేతిలో టీ గ్లాసులు అలాగే ఉండిపోయాయి. మంచిపని అనుకుని చేసింది ఇలా తిరుగుతుందని జయంత్ కలలో కూడా అనుకోలేదు.

సూరన్న తెర వైపు మళ్లీ చూశాడు.

"మరి ఈ ఐదొందలేటి? ఒక్క ఆటే గదా. ఏల ఆడనేదు? ఓడిపోతానని బయమా?"

"గెలుస్తానని భయమండి."

"ఏటీ?"

"గెలిస్తే లెక్క సరిపోతుంది. సరిపోతే మీకు చెప్పాల్సిన పని ఉండదు. మీ దగ్గర ఇంత దాచిపెట్టుకుని, మీ అమ్మాయిని ఇమ్మని ఏ మొహంతో అడుగుతానండి?"

అనేశాక గాని తానేం అన్నాడో అతనికి తెలియలేదు.

"ఇంకోటుందన్నది ఇదేనా?" గుమ్మంలోంచి శ్రీసత్య.

"ఇదేనండి."

"ముందు నాకు కదా చెప్పాలి!"

కనుబొమ పైకి లేచింది గాని పెదవులు దాని మాట వినలేదు.

సూరన్న వల పక్కన పెట్టి లేచాడు. "ఒక్క ఆట ముందర ఆగిపోడం ఏనాడూ నా వల్ల అవనేదు. గంగమ్మ తల్లి మీద ఒట్టెయ్యాల్సొచ్చింది, నా కూతురు ఈ బొమ్మ కొనియ్యాల్సొచ్చింది. నువ్వు నీ అంతట నువ్వే ఆగినావు." కూతురి వైపు తిరిగాడు. "ఏటమ్మా సత్తెమ్మా, నీకిట్టమేనా?"

"వేలు బాగైంది నాన్నా. మనిషి పర్లేదు."

జయంత్ గేమ్ వైపు చూశాడు. "మరి ఆ ఐదొందలు, సూరన్నగారూ..."

"ఉండనీ అలాగే. ఆ తక్కువ చూసినప్పుడల్లా నువ్వొచ్చి నిజం సెప్పిన సంగతి గుర్తొత్తాది. సూరన్నగారేటి? మావా అను."

జయంత్ రెండు చేతులూ జోడించాడు. కళ్లు తడిశాయి, తుడుచుకోలేదు.

అలవాటు కొద్దీ శ్రీసత్య ముందు అతని బొటనవేలు చూసింది. తిన్నగానే ఉంది. ఆ తర్వాత మొహం చూసింది, టీ చల్లారిపోయేదాకా.