పలకరింపు వరుస

చంద్రుడి మీద నెలకొకసారే తెల్లవారుతుంది. అందుకని శీతనిద్రాలయంలో పనిచేసేవాళ్ళు ఆకాశాన్ని కాక గడియారాన్ని నమ్ముకుని కాఫీ తాగుతారు. ఆ రోజు డాక్టర్ త్రిపుర కాఫీ కూడా మరిచిపోయి తెర ముందు కూర్చుంది.

మందులేని జబ్బు వచ్చినవాళ్ళను, మందు కనిపెట్టేదాకా ఇక్కడ చల్లటి పెట్టెల్లో నిద్రపుచ్చుతారు. ఒళ్ళు నిద్రపోతుంది గానీ మనసు పూర్తిగా నిద్రపోదు. ఎవరూ పలకరించకపోతే ఆ మనసు మెల్లగా ఆరిపోతుంది. నలభై వేలమందిని రోజూ పలకరించడం మనుషుల తరమా? అందుకే త్రిపుర ‘పలకరి’ అనే యంత్రాన్ని తయారుచేసింది. నిద్రితుల పేర్లన్నీ దాని జ్ఞాపకంలో ఒక వరుసగా ఉంటాయి. కంప్యూటర్లవాళ్ళు దాన్ని అర్రే అంటారు. పెట్టెలోని స్పీకరు ద్వారా ఒకరిని “బాగున్నారా?” అని అడిగి, ఆ మనసులోని మాటను పెట్టె గొంతుగా మార్చి చెప్పే జవాబు దాచుకుని, పలకరి తర్వాతివారి దగ్గరకు వెళుతుంది.

ఇప్పుడు ఒక్క చుట్టుకే రోజంతా పడుతోంది. నిద్రితులు ఇంకా పెరిగితే, చివర్లో ఉన్నవాళ్ళ వంతు వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. త్రిపుర అక్క అనసూయ ఉన్న వార్డు వరుసలో చిట్టచివరిది. తల్లి పోయాక త్రిపురను పెంచింది ఆ అక్కే.

వరుసను చుట్టి రావడానికి ఏ పద్ధతి త్వరగా అవుతుందో ఆ వారం పోల్చి చూశారు. మొదటిది అంకెల పద్ధతి: సున్నా, ఒకటి, రెండు అంటూ ప్రతి అడుగూ మనమే చెప్పాలి. దానికి రోజంతా పట్టింది. రెండోది గొలుసు పద్ధతి: ప్రతి పెట్టె దగ్గరా ఆగి తర్వాతిది ఎక్కడుందో తెలుసుకుంటూ పోవాలి. అది ఇంకాస్త ఆలస్యమైంది. మూడోది అప్పగింత పద్ధతి: “అందరినీ పలకరించు, ఎలాగన్నది నీ ఇష్టం” అని యంత్రానికే వదిలేయడం.

మూడో చుట్టు రెప్పపాటులో పూర్తయింది.

“సాధించాం మస్తాన్ గారూ!” త్రిపుర కుర్చీలోంచి లేచిపోయింది. “ఇక మా అక్కకి భయం లేదు.”

తోటి శాస్త్రవేత్త మస్తాన్ తల గోక్కున్నాడు. “అబద్ధమాడినా అతికినట్టుండాలి మేడం. నలభై వేలమంది నోరు తెరవడానికైనా టైం పట్టదూ? దాన్నే అడగండి.”

“పలకరీ, ఇంత త్వరగా ఎలా అడిగావు?”

“అడగలేదు,” అంది యంత్రం. “మొదటి రెండు పద్ధతుల్లో ప్రతి అడుగూ మీరు చెప్పారు కనుక అడిగాను. మూడోదాంట్లో నాకే వదిలేశారు. ఫలితం ఎవరూ వాడని పనిని మానేస్తే వేగం పెరుగుతుందని నాకు మీరే నేర్పారు.”

“ఎవరూ వాడకపోవడమేమిటి? జవాబులు మస్తాన్ గారు చూస్తారు కదా!”

మస్తాన్ తెల్లబోయాడు. “నేనా? మీరు చూస్తున్నారనుకున్నానే!”

“ఈ నిద్రాలయం తెరిచిన నాటినుంచి ఒక్క జవాబునూ ఎవరూ తెరవలేదు,” అంది పలకరి. “పూర్తయిందా లేదా అని మాత్రమే అడిగేవారు.”

త్రిపుర తెర దగ్గరికి వంగింది. “మా అక్క ఏమంది?”

“మొదటి రోజు: ‘బాగానే ఉన్నాను. మా చెల్లి ఎలా ఉంది?’ రెండో రోజూ అదే మాట. ఆ తర్వాతా అదే.”

“నువ్వేం చెప్పావు?”

“అడగమన్నారు. చెప్పమనలేదు.”

“నిన్న?”

“నిన్న పలకలేదు. పోయిన ఏడాది నుంచీ పలకడం లేదు. ఆఖరిసారి ఇలా అన్నారు: ‘వినే ఓపిక లేనిదానివి అడగడం దేనికే?’”

అక్క మనసు ఏడాదిగా చీకట్లో ఉంటే, తాను రోజూ ‘పూర్తయింది’ అన్న పచ్చదీపం చూసి నిద్రపోయింది! త్రిపురకు తనమీద తనకే అసహ్యం వేసింది. మస్తాన్ పిలుస్తున్నా ఆగకుండా నిద్రాశాలలోకి పరుగెత్తింది.

అడుగుల చప్పుడుకు, లోపలి మనసులు మేలుకున్న గుర్తుగా పెట్టెల మీద ఎర్రదీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత అక్కడ మనిషి నడుస్తున్న చప్పుడది.

“ఎవరమ్మా అదీ?” అంది ఒక ముసలి గొంతు. “మావాడేమన్నా వచ్చాడా?”

“ఓ తల్లీ, ఒక్క నిమిషం...” అన్నాడు ఇంకెవరో.

“బాగున్నారా? బాగున్నారా?” అంటూనే త్రిపుర పరుగెత్తింది. ఆమె అడిగింది కనుక వాళ్ళు చెప్పడం మొదలుపెట్టారు. ఒకరు చలి అన్నారు, ఒకరు భయం అన్నారు, ఒకావిడ తన పేరు మరిచిపోయానంటూ ఏడ్చింది. త్రిపుర ఎక్కడా ఆగలేదు.

చివర్లో ఉన్న అక్క పెట్టె మీద దీపం వెలగలేదు. ఆ అద్దానికి నోరు ఆనించి, “అక్కా, నేను బాగానే ఉన్నానే,” అంది. మళ్ళీ అంది. జవాబు కోసం ఊపిరి బిగబట్టి చెవి ఆనించింది.

వెనక వరుస వరుసంతా ఆమెకు జవాబు చెబుతూనే ఉంది. ఆమె వినలేదు.