లైట్ కర్టెన్‌కు అడ్డంగా

ఆ ఆదివారం మధ్యాహ్నం బాలానగర్ షెడ్డులో నేనూ, ప్రోగ్రామర్ నితీషూ తప్ప ఎవరూ లేరు. పైన రేకుల మీద సన్నటి వాన చప్పుడు. లోపల మెషీన్ ఆయిల్ వాసన, చెమ్మగిల్లిన అట్టపెట్టెల వాసన.

నేను మాదాపూర్ ఆఫీసులో కూర్చుని యంత్రాలు డిజైన్ చేస్తాను. ఈ షెడ్డులో డబ్బాలు పేర్చే రోబో నిలబడిన చట్రం, దానికి డబ్బాలు అందించే కన్వేయర్ బెల్టు, అన్నీ నా డ్రాయింగులే. రోబో ముందు కంటికి కనబడని కిరణాల తెర ఒకటి ఉంటుంది. లైట్ కర్టెన్ అంటాం. మనిషి అడ్డం వస్తే రోబో అక్కడికక్కడే ఆగిపోవాలి. దాన్ని నేను కన్వేయర్‌కు మరీ దగ్గరగా గీశాను. డబ్బా కాస్త పక్కకు జరిగినా రోబో ఆగిపోయేది.

రెండు నెలల క్రితం ఫిట్టర్ యాదయ్య ఫోన్ చేసి అదే చెప్పాడు. నేను మీటింగ్‌లో ఉన్నాను. కర్టెన్ పని చేయకుండా బైపాస్ చేసి నడిపించమన్నాను. గంట తర్వాత, కింద పడిన డబ్బా తీయడానికి అతను లోపలికి వంగాడు. రోబో ఆగలేదు.

అతని చావు మీద జరిగిన విచారణలో, బైపాస్ సంగతి నాకు తెలియదన్నాను. తప్పు యాదయ్యదేనని రాసుకున్నారు.

ఇప్పుడు కర్టెన్‌ను జరిపి కొత్తగా బిగించాం. మర్నాడు కస్టమర్ చూడటానికి వస్తాడు. నితీష్ స్టార్ట్ నొక్కాడు. రోబో రెండు డబ్బాలు పేర్చి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఆగింది.

కిరణాలన్నీ స్క్రీన్ మీద నిలువు వరుసలో కనిపిస్తాయి. అడ్డం పడినవి ఎర్రబడతాయి. నేల నుంచి ఐదడుగుల ఎత్తు దాకా ఎర్రగా ఉన్నాయి. వెళ్ళి లెన్సులు తుడిచాను. వైర్లు చూశాను. అడ్డం ఏమీ లేదు.

తిరిగి వచ్చేసరికి ఆ ఎరుపు మెల్లగా కిందికి దిగుతోంది. ఛాతీ ఎత్తు... నడుము... మోకాలు...

అక్కడ ఆగింది.

"అక్కా... ఎవరో వంగినట్టు లేదూ?" అన్నాడు నితీష్.

సెన్సర్ పాడయి ఉంటుందన్నాను. నా చెయ్యి దానంతటదే బైపాస్ తాళంచెవి మీదికి పోయింది. తాళంచెవి చల్లగా... మంచు ముక్కలా ఉంది.

"మేడం... జర ఆగుండ్రి."

ఆ మాట రోబో వైపు నుంచే వచ్చింది. నితీష్ కూడా విన్నాడు. వెనక్కి వెనక్కి నడిచి గోడకు ఆనుకున్నాడు.

"యాదన్నా," అన్నాను. "బైపాస్ చెయ్యమన్నది నేనే. విచారణల అబద్ధం చెప్పిన."

స్క్రీన్ మీద కిరణాలు ఒక్కొక్కటే పచ్చగా మారాయి.

షెడ్డుకు తాళం వేసి వచ్చేశాం. ఆ సాయంత్రమే జరిగింది జరిగినట్టు రాసి మేనేజర్‌కు, విచారణ అధికారికి పంపాను. రాత్రంతా నిద్ర లేదు. తెల్లవారాక యాదయ్య భార్యకు నా నోటితో చెప్పాలనిపించింది. ఎవరికీ చెప్పకుండా, జల్లులోనే స్కూటీ మీద పుప్పాలగూడ వెళ్ళాను.

ఈశ్వరమ్మ కిరాయి గది గడపలో కూర్చుని ఉంది. అపార్ట్‌మెంట్లలో హౌస్‌కీపింగ్ పనికి పోయే మనిషి, ఆ రోజు పోలేదు. నన్ను ఎన్నడూ చూడలేదు. అయినా చూడగానే లోపలికి జరిగి చోటిచ్చింది.

"నువ్వొస్తవని చెప్పిండు బిడ్డా," అంది.

తల వంచుకుని అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. నేను చెప్పినంతసేపూ నా భుజం మీదుగా సందులోకే చూసింది.

"నీ బండి మీదనే వస్తనన్నడు," అంది చివరికి. "ఇంక దిగడేంది?"

వెనక్కి తిరిగాను. జల్లు పడుతూనే ఉంది. సందులో ఆపిన స్కూటీపై నేను కూర్చున్న ముందు సీటు అప్పుడే తడిసి నీళ్ళు కారుతోంది.

వెనక సీటు మీద ఒక్క చుక్క కూడా లేదు.