తిరగేసిన సీలు

...ఆ ఒక్క మాట అప్పుడే అని ఉంటే! నోరు తెరవడానికి ఎంతసేపు పడుతుంది? ట్రాక్టర్ బకెట్‌ను ఎత్తే సిలిండర్‌లో నూనె కారకుండా ఆపే పాత రబ్బరు సీలు ఊడదీసినప్పుడు దాని పల్చటి అంచు లోపలికి, నూనె వైపుకి ఉంది. మామయ్యగారు కొత్తదాన్ని బయటికి తిప్పి కూర్చోబెట్టారు. కోడలు తన కళ్ళతో తనే చూసింది... చూసి ఊరుకుంది! చిన్నప్పుడు నాన్న బిగించిన తలుపు గడియ వంకరగా ఉందని నలుగురి ముందు అన్నందుకు, ఆయన మూడు రోజులు తనతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులు ఇప్పటికీ గొంతులో అడ్డంగా కూర్చునే ఉన్నాయి.

షెడ్డులో ట్రాక్టర్ ముందున్న మట్టి ఎత్తే బకెట్ సగం లేచి, మెల్లగా దిగిపోతోంది. సిలిండర్‌లోంచి వచ్చే మెరిసే రాడ్ వెంట నూనె ధారగా కారుతోంది. మామయ్యగారు వణికే చేతుల్ని గుడ్డకి తుడుచుకున్నారు.

"నలభై ఏళ్ళు మెకానిక్‌నని విర్రవీగాను. ఇక ఈ చేతులు పనికిరావు. ఆ స్పానర్లన్నీ ఎవరికైనా ఇచ్చేయండి."

"ఇచ్చేసి, రోజంతా ఇంట్లో కూర్చుని నా ప్రాణం తీస్తారా?" అంది అత్తగారు గుమ్మంలోంచి. మాట వెటకారమే... కళ్ళు మాత్రం తడిసిపోయాయి!

కోడలు ఇక ఆగలేకపోయింది. "మీ చేతులకేం కాలేదు మామయ్యా! సీలు తిరగబడింది... నేను చూశాను... చూసి కూడా చెప్పలేదు!" అంటూ భోరుమంది.

మామయ్యగారు చేతిలోని గుడ్డ పక్కన పెట్టారు. ఈసారి ఈయన ఎన్నాళ్ళు మాట్లాడరో? మూడు రోజులా, మూడు నెలలా?... తల ఎత్తే ధైర్యం లేదు.

"చూశావా?" ఆయన గొంతు వింతగా పలికింది. "అయితే తప్పు చేతులది కాదు, ఈ మసక కళ్ళదన్నమాట! కళ్ళకేం, ఇంట్లో ఇంకో జత ఉందిగా!" పకపకా నవ్వారు, దగ్గు వచ్చేదాకా నవ్వారు. "ఆరేళ్ళుగా అంత చూపు పెట్టుకుని, నాకు ఉత్త టీలు అందిస్తూ నిలబడ్డావా, దొంగపిల్లా!"

బకెట్‌ను నేలకి ఆనించి, గొట్టాలు విప్పి, సిలిండర్ మళ్ళీ బల్లమీదికి ఎక్కించారు. మిగిలిన ఇంకో కొత్త సీలు మెత్తబడాలని వేడినీళ్ళ గిన్నెలో వేశారు.

"నా మంచి గిన్నే దొరికిందా మీకు? ఉప్పూ కారం కూడా వెయ్యనా?" అంది అత్తగారు. కోడలికి ఏడుపులోనే నవ్వొచ్చింది!

మామయ్యగారు సీలు బయటికి తీసి, వేళ్ళతో తడిమి చూసుకున్నారు. తర్వాత దాని అంచు కావాలనే బయటికి తిప్పి, గాడి దగ్గర పట్టుకుని, షెడ్డు పైకప్పు వంక చూస్తూ అన్నారు:

"ఇలాగేనా అమ్మాయ్?"

ఆమె చెయ్యి లేచింది. మధ్యలో ఆగింది. గొంతులో కూర్చున్న ఆ మూడు రోజులు నెమ్మదిగా దిగిపోయాయి... ఆయన వేళ్ళ మధ్యనుంచి సీలు అందుకుని, తిరగేసి, మళ్ళీ ఆయన చేతిలో పెట్టింది.