దోషదర్శి రాయని వాక్యం

2094 నాటికి భీమిలి ఎదుట, సముద్రం అడుగున నాచు సాగు మామూలు వ్యవహారమైపోయింది. పొద్దున్నే మూడువందల మంది కూలీలు నడుముకు మొప్పపట్టీ బిగించుకుని నీటి చేలల్లోకి దిగేవారు. చేపకు మొప్పలు చేసే పనే ఆ పట్టీ మనిషికి చేసిపెడుతుంది. నీటిలో కరిగిన ప్రాణవాయువును లాగి ఊపిరికి అందిస్తుంది. దాన్ని నడిపేది అరచేతిలో పట్టే ఒక సర్క్యూట్ బోర్డు. ఆ బోర్డును డిజైన్ చేసింది విశ్వేశం. పదకొండేళ్ళలో ఒక్క పట్టీ కూడా ఆగలేదని ఆయన సభల్లో గొప్పగా చెప్పుకునేవాడు.

ఈ ఏడాది బోర్డుల తయారీని అనకాపల్లిలోని చిన్న వర్క్‌షాపు నుంచి ఒక పెద్ద ఫ్యాక్టరీకి మార్చారు. నలభై రోజులు తిరిగేసరికి పట్టీలు ఒక్కొక్కటే మొరాయించసాగాయి. పది నిమిషాలకు సరిపడా అదనపు సిలిండరు ఉండబట్టి కూలీలు బతికి బయటపడ్డారు. నూకరత్నాన్ని మాత్రం స్పృహ తప్పాక పైకి లాగారు. ఆమె ఆ అనకాపల్లి వర్క్‌షాపులోనే సూపర్‌వైజరుగా చేసేది. ఆర్డరు పోయి వర్క్‌షాపు మూతపడ్డాక నాచు కోతకు దిగింది.

కంపెనీ ఇంజనీర్లు బోర్డులను ఎంత తిరగేసి చూసినా ఏమీ తేలలేదు. "బయటివాళ్ళ సాయం తీసుకుందాం" అని మొదట అన్నది విశ్వేశమే. డైరెక్టరు శర్వాణి ఆయన నిజాయితీని నలుగురిలో మెచ్చుకుంది. ఆయనకు తలెత్తబుద్ధి కాలేదు. రోగమేమిటో ఆయనకు ముందే తెలుసు మరి.

పదకొండేళ్ళ కిందట నూకరత్నం ఫోన్ చేసింది. "బాబూ, నీరు తగలకుండా పూత పూసే ముందు బోర్డుని నాలుగ్గంటలు వేడిలో ఆరబెట్టాలని డ్రాయింగులో నేదు. ఆరబెట్టకపోతే లోపల తడి ఉండిపోయి రాగిని తినేస్తాది."

"మీరు ఆరబెట్టేయండమ్మా. డ్రాయింగు ముట్టుకుంటే అనుమతులన్నీ మళ్ళీ మొదటికొస్తాయి" అన్నాడాయన.

అలా ఆ పని కాగితం ఎక్కకుండానే సాగిపోయింది. కొత్త ఫ్యాక్టరీకి డ్రాయింగు పంపిన మూడోరోజున ఆయనకు ఆ సంగతి గుర్తొచ్చింది. అంత పెద్ద ఫ్యాక్టరీవాళ్ళకు ఆ మాత్రం తెలియదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. వాళ్ళేమో డ్రాయింగులో ఉన్నది ఉన్నట్టు చేసిపెట్టారు. ఇప్పుడు తన నోటితో చెప్పే ధైర్యం లేక, చెప్పగల యంత్రాన్ని పిలిపించాడు.

దోషదర్శి బీరువా అంత యంత్రం. బోర్డును కోయకుండానే పొరపొరనూ చూస్తుంది. రాగి ఎప్పుడు ఎంత వేడి, ఎంత తడి చూసిందో లెక్కగడుతుంది. ఆపైన, పాతకాలపు దోషనివేదికలు రెండు లక్షలు చదివి నేర్చుకున్న పద్ధతిలో కారణం రాస్తుంది. ఇక తప్పించుకోలేనని విశ్వేశం అనుకున్నాడు. అలా అనుకుంటే కొంచెం హాయిగా కూడా అనిపించింది.

అది పని చేస్తుండగా ఆయన ఆసుపత్రికి వెళ్ళాడు. నూకరత్నం మంచం మీద లేచి కూర్చోబోయింది.

"నాదే తప్పు బాబూ" అంది. "కొత్తోలకి ఆరబెట్టమని ఎవులు సెప్తారు? డ్రాయింగు మార్చమని ఇంకోపాలి గట్టిగా అడగాల్సింది. మీకా, బోల్డు పనులు."

ఆయన కమలాపండ్ల సంచి బల్ల మీద పెట్టి బయటికొచ్చేశాడు. అంత సిగ్గు ఆయన జన్మలో ఎరగడు.

తిరిగొచ్చేసరికి శర్వాణి నివేదిక పట్టుకుని ఎదురొచ్చింది. "తేలిపోయింది విశ్వేశం గారూ! తయారీలో అజాగ్రత్త వల్ల తడి చేరిందట. మీ డిజైన్‌కు మచ్చ లేదు. వీళ్ళను వదిలేసి, రేపే మరో ఫ్యాక్టరీకి ఇదే డ్రాయింగు పంపేద్దాం."

ఇదే డ్రాయింగు. అంటే మళ్ళీ నలభై రోజులు, మళ్ళీ మూడువందల మంది. విశ్వేశం దోషదర్శి ఉన్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

"డ్రాయింగులో ఆరబెట్టమని లేదు. చూశావా?"

"చూశాను" అంది యంత్రం.

"మరి రాయలేదేం?"

"నేను చదివిన రెండు లక్షల నివేదికల్లో, డిజైనరే విచారణ కోరినప్పుడు తప్పు డిజైన్‌దని తేల్చినవి తొమ్మిదే. తప్పు డిజైన్‌దనే వాక్యం రాయకూడదని మిగతావాటి నుంచి నేర్చుకున్నాను. పొరపాటైతే సరిదిద్దండి."

"ఆ తొమ్మిదీ ఎవరు రాశారు?"

"వేరేవాళ్ళు. విచారణ మధ్యలో డిజైనరు చనిపోయిన తరవాత."

విశ్వేశం కుర్చీ లాక్కుని యంత్రం ఎదుట కూర్చున్నాడు. తరవాత మెల్లగా చెప్పుకొచ్చాడు. నూకరత్నం ఫోను, తానిచ్చిన జవాబు, మూడోరోజున గుర్తొచ్చి కూడా నోరు మూసుకోవడం, అన్నీ చెప్పాడు. యంత్రం రాసుకుంది.

"వేలిముద్ర వేయండి. వేయకపోతే మొదటి నివేదికే ఖాయమవుతుంది."

వేయకపోయినా పరవాలేదన్నమాట. ఆ ఆలోచనకు ఆయన ప్రాణం కుదుటపడింది. కుదుటపడినందుకు తనను చూసి తనకే భయమేసింది. ఆ భయం పోకముందే వేలు నొక్కేశాడు.

"ఇలాంటి నివేదిక నా దగ్గర మరొకటి లేదు. అందుకే అడుగుతున్నాను" అంది దోషదర్శి. "వేలిముద్ర డిజైనరుదేనా? మనిషి బతికే ఉన్నారా?"

"ఉన్నాను" అన్నాడు విశ్వేశం.