కుడిచేతికి వాచీ

“ఏటండీ ఇది? వాచీయా, సంకెలా?”

నాగమణి నాతో అన్న మొదటి మాట అది. పెందుర్తిలో సెల్‌ఫోన్ల షాపు ఆమెది. నలభై దాటినా పెళ్లి చేసుకోలేదు. పెళ్లి మాటెత్తితే కొనడానికొచ్చినవాళ్లని కూడా బయటికి పంపుతుందని పేరు. నేను పోర్టులో క్రేన్ ఆపరేటర్ని, సింహాద్రిని. ఆమె షాపు నుంచి తెప్పించుకున్న స్మార్ట్‌వాచీ పట్టీ నాసిరకమని తిట్టడానికి వెళ్లాను. తిట్లు బస్సులోనే సిద్ధం చేసుకున్నాను.

“మీరమ్మిందే. సెయ్యి సూడండి, ఎలాగ దద్దురెక్కిపోయిందో.”

“ఇంతలా బిగిస్తే ఎక్కదేటి? పట్టీ కింద ఒక వేలు దూరాలి. ఎముక మీద కాదు, దానికి రెండు వేళ్లు పైకి కట్టాలి. తానం సేసేక తడి తుడుసుకుంతన్నారా?”

“నాకు నలభై ఎనిమిది. తానం నేర్పక్కర్లేదు.”

“వాచీ కట్టుకోడం నేర్పాలి కదండీ.”

వాచీ విప్పింది. కింద ఎర్రదారం. నాని, వెలిసి, చర్మానికి అంటుకుపోయి ఉంది.

“దురద దీనివల్లే. దారం తడి పట్టీ కింద ఉండిపోతంది.”

ఇక ఆ మాట వస్తుందనుకున్నాను. తీసెయ్యమన్నందుకు మా చెల్లెలితో ఎనిమిది నెలలుగా మాటల్లేవు. ‘తీసీ బావా’ అన్నందుకు పోర్టులో నాతో పనిచేసే వరహాలుతో కలిసి టీ తాగడం మానేశాను. ఈమెకీ జవాబు తయారుగా ఉంది.

“వాచీ కుడిసేతికి మార్సండి,” అంది. “దారం జోలికెల్లకండి.”

అంతే. ఇన్నాళ్లలో ఈ ముక్క ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. అందులో వింతేమీ లేదు.

“మగోళ్లకి కుడిసేతికి కదండీ కడతారు? ఇదేటి, ఎడం సేతికుంది?”

చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. నా భార్య రాధ సింహాచలం నుంచి తెచ్చింది. కట్టబోయేసరికి నేను పులుసన్నం తింటున్నాను. లేచి చెయ్యి కడుక్కోమంది. ‘ఎడం సెయ్యుంది కదా, కట్టీ’ అన్నాను. కట్టేసింది. ఆ ఏడాదే పోయింది. అప్పుడు లేవడానికి బద్ధకించినవాణ్ణి, ఆ తర్వాత నాలుగేళ్లు ఆ దారాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

నాగమణి అయ్యో అనలేదు. వాచీ కుడిచేతికి కట్టి, సెట్టింగుల్లో చెయ్యి మార్చి, పట్టీ కింద తన వేలు దూర్చి చూసింది.

“సరిపోయింది.”

నాకు సరిపోలేదు. మరుసటి ఆదివారం వెళ్లాను, లూజుగా ఉందని. ఆ పై ఆదివారం, బిగుతుగా ఉందని. మూడో ఆదివారం, రంగు బాగోలేదని. నల్లపట్టీ రంగు. క్రేన్‌తో పాతిక టన్నులు అంగుళం తేడా లేకుండా దించుతాను. ఒక్క మాట నోట్లోంచి దించలేకపోయాను.

నాలుగో ఆదివారం షాపులో అట్టపెట్టెలు తాళ్లతో కట్టి ఉన్నాయి.

“మూసెత్తన్నానండి. పరవాడలో తమ్ముడి షాపు సూసుకోమంతన్నాడు. ఒక్కదాన్నీ ఇక్కడేటి సేత్తానని.”

“ఎప్పుడు?”

“రేపు. అన్నం తిన్నారా?”

తినలేదని మొహం చూసే తెలుసుకుంది. క్యారేజీ విప్పి కౌంటరు మీదే పెట్టింది. చేపల పులుసు. రెండో ముద్దకి వాచీ జారి పులుసులోకి తొంగిచూసింది.

“సెయ్యెత్తండి.” వాచీని రెండు వేళ్లు పైకి జరిపింది. “నాను నేకపోతే ఇదెవరు జరుపుతారండీ మీకు?”

అనేసి, పెట్టెల వైపు తిరిగిపోయింది.

కూర్చునే అడిగెయ్యొచ్చు. నోట్లో ముద్ద, చేతికి పులుసు. నాకు అలవాటైన వాలకమే.

లేచాను. బయట కుళాయి దగ్గర చెయ్యి కడుక్కున్నాను. వాచీ కింద తడి కూడా తుడిచాను.

“అదేటండీ, సగంలో లేసిపోయేరు? పులుసు బాగోనేదా?”

“బాగుంది. పరవాడ ఎల్లకు నాగమణీ. నన్ను సేసుకో.”

ఆమె నన్ను బయటికి పంపలేదు. నా రెండు చేతులూ చూసింది.

“దారం అలాగే ఉండాలి మరి. తీసీకండి. నాను తీయించీసేనంతారు అందరూ.”

“ఉంటాది.”

“అయితే కూకోండి. అన్నం సల్లారిపోతంది.”

కూర్చున్నాను. ఆమె పెట్టెల తాళ్లు విప్పడం మొదలుపెట్టింది.