ఆవులింతల పెళ్లిచూపులు

మొన్నటి గాలివానకి గూడెమంతా కరెంటు పోతే, సబ్‌స్టేషన్‌లో నేను ఎంత తెలివిగా లైను నిలబెట్టానో మంచి పట్టులో చెబుతున్నాను. ఏలూరులో పెళ్లిచూపులు. ఎదురుగా కూర్చున్న మనస్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవులించింది.

పోనీలే అనుకున్నాను. మళ్లీ ఆవులించింది. నా పౌరుషం ఏమైపోవాలి!

“రాత్రంతా పేపర్లు దిద్దిందండీ, నిద్ర లేదు పాపం,” అంటూ వాళ్లమ్మ శాంతకుమారిగారు నా ప్లేట్లో ఇంకో గరిటెడు ఉప్మా వేసేశారు.

కాసేపటికి పెద్దవాళ్లు మా ఇద్దర్నీ మాట్లాడుకోమని డాబా మీదకి పంపారు. కొల్లేరు వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది.

“అంత బోరు కొట్టించానాండీ?”

“మీ లైను కథ బాగానే ఉందండీ. ఆవులింతలు మాత్రల వల్ల.”

“ఏం మాత్రలు?”

“యాంగ్జైటీకి.” తల దించుకోలేదు. “కిందటేడు క్లాసు గుమ్మం దగ్గరే గుండె దడదడలాడేది, చేతులకి చెమటలు. వట్లూరు కాలేజీలో లెక్కల లెక్చరర్ని, లోపలికి అడుగుపెట్టలేకపోయేదాన్ని. ఇప్పుడు నిండు క్లాసుకి పాఠం చెబుతున్నాను.”

పెద్ద మనసు చూపించడానికి ఇదే అదును అనుకున్నాను. “మా ఇంటికొచ్చాక టెన్షనే ఉండదండీ. నేనున్నాగా! మాత్రలు అవతల పారేయొచ్చు.”

మనస్వి మెట్ల వైపు తిరిగింది. “అయితే మన మాటలు అయిపోయాయండీ.”

“ఏవండీ, ఆగండాగండి! తప్పేమన్నానో చెప్పి వెళ్లండి.”

“మీ సబ్‌స్టేషన్‌కొచ్చి నాకు తోచిన స్విచ్చి నేను కట్టేస్తే ఊరుకుంటారా?”

“ఊరుకోను.”

“మరి డాక్టరుగారిని అడక్కుండా నా మాత్రలు మీరెలా పారేయిస్తారు?”

“తప్పేనండీ,” అన్నాను. జాలిపడిందేమో, వెనక్కొచ్చింది.

“డాక్టరుగారు అన్ని దారులూ చెప్పారండీ. కాసేపట్లోనే దడ తగ్గించే మందుంది, కానీ మత్తుగా ఉంటుంది, అలవాటైపోవచ్చు. ఇంకోటి నెమ్మదిగా పనిచేస్తుంది. గుణం కనబడ్డానికి వారాలు పడుతుంది, మొదట్లో కడుపులో తిప్పుతుంది. నేను ఆ నెమ్మదిదే ఎంచుకున్నాను, దాంతోపాటు కౌన్సెలింగూ. తిప్పడం పోయింది, నోరెండడం తగ్గింది. ఈ ఆవులింతలే మిగిలాయి. డోసు మార్చాలేమో ఈసారి వెళ్లినప్పుడు అడుగుతాను.”

“మానేస్తే?”

“ఉన్నపళంగా మానితే తల తిరగొచ్చు, దడ మళ్లీ మొదలవ్వచ్చు. తగ్గించాలన్నా ఆయన చెప్పినట్టు కొద్దికొద్దిగానే. ఎంత చెప్పినా అమ్మ వినదు. మీ ముందు ఆవులిస్తానని ఇవాళ మాత్రల షీటే దాచేసింది.”

“ఇవాళ వేసుకోలేదా?”

“లేదండీ. ఈ సంగతి దాచి పెళ్లి చేసుకుంటే రోజూ చాటుగా మింగాలి. అది నావల్ల కాదు. మీకు ఇష్టం లేకపోతే చెప్పేయండి, ఏమీ అనుకోను.”

ఆ చివరి మాట దగ్గర గొంతు కాస్త వణికింది. నేను తనకి నచ్చానని అప్పుడు తెలిసింది.

చినుకులు మొదలవడంతో కిందకి దిగాం. శాంతకుమారిగారు మళ్లీ పేపర్ల సంగతి ఎత్తారు.

“పేపర్లు కాదమ్మా,” అంది మనస్వి. అందరి ముందూ నిలబడి, క్లాసులో పాఠం చెప్పినంత నింపాదిగా, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

శాంతకుమారిగారి మొహం పాలిపోయింది. మా నాన్న కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయారు. నాకు మాత్రం ఛాతీ ఉప్పొంగింది. ఇంకా ఏమీ కాని మనిషిని చూసి అంత గర్వపడొచ్చా అంటే, నేను పడ్డాను.

మా అమ్మ లేచి మనస్వి దగ్గరకెళ్లింది. “ఈ హడావిడిలో ఇవాళ్టి మాత్ర వేసుకున్నావా తల్లీ?”

శాంతకుమారిగారు కొంగుతో కళ్లొత్తుకున్నారు. వంటింట్లోకెళ్లి, రవ్వ డబ్బాలోంచి షీటు తీసి, గ్లాసుతో నీళ్లు తెచ్చి కూతురి చేతికిచ్చారు. మనస్వి అందరి ఎదుటా మాత్ర వేసుకుంది. వేసుకుని ఆవులించింది.

వెంటనే మా నాన్న ఆవులించారు. ఆయన్ని చూసి మా అమ్మ.

“ఆవులింతకి అన్న ఉన్నాడు గానీ తుమ్ముకి తమ్ముడు లేడని ఊరికే అన్నారా!” అంటూ నవ్వారు మనస్వి నాన్న అనంతరామయ్యగారు. “ఇంతకీ మీ మాటేమిటి, వెంకటకృష్ణగారూ?”

చెబుదామని నోరు తెరిచాను. ఇంత పొడుగు ఆవులింత వచ్చింది.

“బోరు కొట్టించానాండీ?” అంది మనస్వి, నవ్వు ఆపుకుంటూ.

“లేదండీ,” అన్నాను. “మీ జట్టులో చేరిపోయాను.”